గురువారం కుర్చీ

మా ఇంటి ఓనరమ్మకి కారు లేదు. డ్రైవింగ్ కూడా రాదు. అయినా ప్రతి గురువారం మధ్యాహ్నం మూడున్నరకి ఆవిడ వంటింట్లోంచి ఒక ఆకుపచ్చ చెక్క కుర్చీ మోసుకొచ్చి, ఇంటి ముందు రోడ్డు మీద, సరిగ్గా ఒక కారు పట్టే జాగాలో నడిమధ్యన పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. ఇలాంటిది కళ్ళబడ్డాక ఊరుకునే మనిషిని కాను నేను.

చికాగోలో రోడ్డు మీద కుర్చీ వింతేం కాదు. మంచు బాగా పడ్డాక ఎవరి ఇంటి ముందు వాళ్ళు పార పట్టుకుని, నడుం పడిపోయేలా మంచు ఎత్తిపోసి కారుకి జాగా చేసుకుంటారు. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఆ జాగాలో పాత కుర్చీయో, ఇస్త్రీ బల్లో అడ్డం పెట్టి వెళతారు. అది కష్టపడ్డవాళ్ళ జాగా. చట్టంలో ఎక్కడా లేదు కానీ, ఆ కుర్చీని కదిపినవాడి కారు అద్దాలకి పూచీ ఉండదు. మంచు లేని రోజుల్లో మాత్రం ఎవరైనా కుర్చీ పెడితే వీధి వీధంతా తిట్టిపోస్తుంది. మేం ఆ ఇంట్లో చేరింది అక్టోబరులో. అప్పటికి మంచు ఊసే లేదు. అయినా గురువారం ఆ ఆకుపచ్చ కుర్చీని ఎవరూ ఏమీ అనేవారు కాదు. జాగా కోసం వెతుక్కుంటూ వచ్చిన కార్లు కూడా దాన్ని చూసి ముందుకి వెళ్ళిపోయేవి.

అంతకుముందు ఐదేళ్ళు మేం బెంటన్‌విల్‌లో ఉన్నాం. అక్కడ మావారికి కాంట్రాక్ట్ ఉద్యోగం. అది కార్ల ఊరు. ఇంట్లోంచి గరాజ్‌లోకి, గరాజ్‌లోంచి ఏదో ఒక పార్కింగ్ లాట్‌లోకి. కిటికీలోంచి చూస్తే గడ్డి, గడ్డి కత్తిరించే మనిషి, మళ్ళీ గడ్డి. నేను గుడివాడలో నడివీధిలో పుట్టి పెరిగినదాన్ని. పక్కింట్లో ఏ కూర వండారో, ఎదురింటి కోడలు ఎందుకు అలిగిందో తెలియకుండా ముద్ద దిగని ఇల్లు మాది. పైగా నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎక్కడ తేడా ఉందో వెతికి పట్టుకోవడమే పని, అదీ ఇంట్లో కూర్చునే. అలాంటిదాన్ని ఐదేళ్ళపాటు గడ్డి చూస్తూ బతికాను.

మావారికి చికాగోలో ప్రాజెక్ట్ వచ్చినప్పుడు స్నేహితులందరూ ఊరి శివార్లలో ఉన్న షామ్‌బర్గ్‌లో ఇల్లు తీసుకోమన్నారు. మనవాళ్ళు, మన కొట్లు అన్నీ అక్కడే. కానీ రోజూ అంత దూరం ట్రైన్‌లో తిరగడం ఆయన వల్ల కాదన్నారు. అలా ఊరి లోపలే, ఆఫీసుకి దగ్గరగా, ఒక పాత ఇటాలియన్ పేటలో మేడ మీద వాటా తీసుకున్నాం. ఎర్ర ఇటుకల ఇల్లు. కింద ఓనరమ్మ ఒక్కతే, పైన మేమిద్దరం. వీధిలో ఒక రొట్టెల కొట్టు, ఒక బార్బర్ షాపు, చివర చర్చి. ఎండ కాసిన రోజున ముసలివాళ్ళు ఇళ్ళ ముందు మెట్ల మీద కూర్చుని, ఎక్కడికీ పోయే పని లేనట్టు నిదానంగా మాట్లాడుకునేవాళ్ళు. నా ఆఫీసు బల్ల వీధివైపు కిటికీ పక్కనే వేసుకున్నానని వేరే చెప్పాలా?

కుర్చీ పెట్టిన అరగంటకి, నాలుగింటికి, బూడిదరంగు కారొకటి మెల్లగా వచ్చి ఆగేది. అందులోంచి టోపీ పెట్టుకున్న పెద్దాయన దిగేవాడు. ఎనభైకి దగ్గరగా ఉంటాయి. కుర్చీ తీసి సైడ్‌వాక్ మీద పెట్టి, కారుని ముందుకీ వెనక్కీ మూడు నాలుగుసార్లు ఆడించి ఆ జాగాలో పెట్టి, తర్వాత కుర్చీని చేత్తో పట్టుకుని కింద వాటాలోకి వెళ్ళిపోయేవాడు. తలుపు కొట్టడం, బెల్లు నొక్కడం ఏమీ ఉండేది కాదు. ఆరున్నరకి వట్టి చేతులతో బయటికొచ్చి కారెక్కేవాడు. ఆ రెండున్నర గంటలూ వీధివైపు గదిలో లైటు వెలిగేది కాదు. ఉన్న సందడంతా వెనక వంటింట్లోనే.

మా వంటిల్లు దాని మీదే. కిందనుంచి వెల్లుల్లి వేగుతున్న వాసన, పేకముక్కలు బల్ల మీద కొడుతున్న చప్పుడు, సన్నగా రేడియో, మధ్యమధ్య ఓనరమ్మ నవ్వు పైకి వచ్చేవి. మిగతా ఆరు రోజులూ ఆవిడ నవ్వగా నేను వినలేదు. ఒక గురువారం ఆఫీసు మీటింగులో ఉండగానే మైకు మ్యూట్‌లో పెట్టి, వంటింట్లోకి వెళ్ళి నేలకి చెవి ఆనించాను. సరిగ్గా అప్పుడే మావారు వచ్చారు. ఆయనది కరీంనగర్ వైపు.

"ఏం చేస్తున్నవ్ కింద పండుకొని?"

"గిన్నె మూత దొర్లిపోయింది."

"మూత దొరికిందా, ముసలాయన దొరికిండా?"

ఆయనకి నా సంగతి తెలుసు.

అన్నగారేమో అనుకున్నాను. మరిదేమో అనుకున్నాను. ఊహలతో ఎన్నాళ్ళు గడుపుతాం? ఒకరోజు పులిహోర చేసి, గిన్నెలో పెట్టుకుని కిందికి వెళ్ళాను. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "గురువారం వచ్చే పెద్దాయన మీ అన్నగారా?" అని అడిగేశాను.

ఆవిడ నా వంక ప్రశాంతంగా చూసింది. "ఏ గురువారం?" అంది.

రొట్టెల కొట్టావిడని అడిగాను. ఆ కొట్టు మా ఇంటికి ఎదురుగానే ఉంటుంది. నాలుగింటికి ఆవిడ గాజు తలుపు వెనకే ఉంటుంది కూడా. "నేనెవర్నీ చూడలేదు," అంది. మావారు జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్తుంటే ఆ వంకతో వెంట వెళ్ళి బార్బరుని అడిగాను. "నేనెవర్నీ చూడలేదు," అన్నాడు ఆయన కూడా, కత్తెర ఆపకుండా. అప్పుడు వీధిని కూడా గమనించడం మొదలుపెట్టాను. బూడిదరంగు కారు మలుపు తిరగగానే కొట్టావిడ ఇటు వీపు పెట్టి వెనక అరలు సర్దుకునేది. బార్బరు చీపురు తీసుకుని లోపలి నేల ఊడ్చుకునేవాడు. కుక్కని తిప్పే ముసలామె సరిగ్గా ఆ వేళకే పక్క సందులోకి మళ్ళేది. మా ఊళ్ళో ఒక సంగతి తెలిస్తే నలుగురూ ఇంటికొచ్చి అడుగుతారు. ఇక్కడ తెలిస్తే నలుగురూ అటు తిరుగుతారు. ఇంతమంది కలిసికట్టుగా ఒక మనిషిని చూడకుండా ఉండటం నాకు కొత్త. నా ఆత్రం తగ్గకపోగా రెట్టింపయింది.

పులిహోర గిన్నె మూడో రోజున తిరిగొచ్చింది, చెస్ట్‌నట్ పిండితో చేసిన కేకు ముక్కలతో. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదన్న పట్టింపు వాళ్ళకీ ఉందట. గిన్నెలు అటూ ఇటూ తిరిగే కొద్దీ మాటలు కాస్త సాగాయి. ఓనరమ్మ పెళ్ళి చేసుకుని పద్దెనిమిదో ఏట ఈ దేశం వచ్చింది. పిల్లలు లేరు. భర్త పోయి పన్నెండేళ్ళు. పుట్టింది ఇటలీలో లుక్కా అనే పాత నగరంలో. ఊరి చుట్టూ కోటగోడ ఉంటుంది. గోడంటే సన్నటిది కాదట, పైన వరసగా చెట్లు, బళ్ళు పోయేంత బాట. సాయంత్రమైతే ఊరు ఊరంతా దాని మీదికెక్కి నడుస్తుంది. నిదానంగా నడిస్తే ఒక చుట్టుకి గంట పైనే.

"మా పిన్ని పెళ్ళి చేసుకోలేదు," అంది ఒకరోజు, బల్ల ముందు కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తూ. "గడియారాలు బాగుచేసే ఆయన ఒకడు ఉండేవాడు. ఆయనకి భార్య ఉంది. ఇద్దరూ రోజూ గోడ మీద నడిచేవాళ్ళు. పిన్ని ఇటు నుంచి, ఆయన అటు నుంచి. అలా నడిస్తే చుట్టుకి రెండుసార్లు ఎదురుపడతారు. ఎదురుపడ్డప్పుడు ఆయన టోపీ ఎత్తేవాడు. పిన్ని తల ఊపేది."

"అంతేనా?" అన్నాను.

"పదకొండేళ్ళు," అంది. "ఇంట్లో ఎవరైనా అడిగితే పిన్ని నిజమే చెప్పేది. నేను ఇటు వెళ్ళాను, ఆయన అటు వెళ్ళాడు అని."

"ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదా?"

"ఏమంటారు? చూసిందెవరు?"

ఊరంతా ఆ గోడ మీదే ఉంది కదమ్మా అని నా నోటిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకున్నాను. ఆవిడ గింజలు ఒలుచుకుంటూ కూర్చుంది. గురువారం గురించి నేనడిగిన ప్రశ్నకి ఆవిడ చెప్పగలిగిన జవాబు చెప్పేసిందని మేడ మెట్లు ఎక్కుతుంటే తట్టింది.

ఇక్కడిదాకా నా ఆత్రం వల్ల ఎవరికీ ఏ నష్టం జరగలేదు. నిజంగా చూడాల్సిన ఒకే ఒక్క రోజున నేను చూడలేదు. నష్టం అలా జరిగింది.

ఫిబ్రవరిలో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. పౌర్ణమి గురువారం పడింది. శని ఆదివారాల్లో అయితే పంతులుగారు దొరకరు. షామ్‌బర్గ్ నుంచి మావారి స్నేహితుడూ ఆయన భార్యా హాఫ్ డే లీవ్ పెట్టి, వ్యాన్‌లో పూజ సామానుతో పాటు పంతులుగారిని కూడా ఎక్కించుకుని వచ్చారు. నేను వాళ్ళని అన్నయ్యగారు, వదిన అని పిలుస్తాను. ముందు రోజంతా మంచు పడి మోకాళ్ళ లోతున పేరుకుపోయింది. ఓనరమ్మ ఇంటి ముందు కారు జాగాని పొద్దున్నే బార్బరు వచ్చి శుభ్రం చేసి వెళ్ళాడు. ఎందుకు చేశావని అడిగితే ఏమంటాడో మీకు తెలుసు.

పంతులుగారికి మోకాళ్ళ నొప్పులు, పీట మీద కూర్చోలేరు. మా ఇంట్లో ఉన్నవి నా ఆఫీసు బల్ల దగ్గరి తిరుగుడు కుర్చీ, ఒక సోఫా. రెండూ తోలువి. తోలు మీద కూర్చుని వ్రతం చేయించనన్నారాయన. ఆ సమయంలో మావారు స్నానానికి వెళ్ళారు. నేను వంటింట్లో ఫ్యాన్ మోతలో ప్రసాదానికి రవ్వ వేయిస్తున్నాను. హాల్లో ఏం జరిగిందో తర్వాత వదిన చెబితే తెలిసింది.

"చెక్క కుర్చీయే కదండీ? కింద రోడ్డు మీద ఒకటి చూశాను, ఎవరో పడేసినట్టున్నారు," అన్నాడట అన్నయ్యగారు. "సాలిడ్ వుడ్. ఇప్పుడు తీసుకోకపోతే టెన్ మినిట్స్‌లో ఎవడో ఎత్తుకుపోతాడు."

ఆయన్ని తప్పు పట్టలేను. ఈ దేశానికి ఎం.ఎస్. చదవడానికొచ్చిన మనవాళ్ళ తొలి కాపురాలన్నీ రోడ్డు పక్కన దొరికిన సామానుతోనే నడిచాయి. ఎవరో వదిలేసిన పరుపులు, సోఫాలు, దీపాలు నలుగురూ కలిసి మోసుకొచ్చుకునేవాళ్ళు. తన మొదటి డైనింగ్ టేబుల్ ఏ చెత్త డబ్బా పక్కన దొరికిందో అన్నయ్యగారు ఇప్పటికీ గర్వంగా చెబుతాడు. ఇప్పుడు సొంత ఇల్లుంది, అయినా రోడ్డు పక్కన మంచి కుర్చీ కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. షామ్‌బర్గ్‌లో అందరికీ గరాజ్‌లే. రోడ్డు మీది కుర్చీకి వేరే అర్థం ఉంటుందని ఆయనకెలా తెలుస్తుంది?

కుర్చీ తీసి, ఖాళీ అయిన జాగాలో తన వ్యాన్ పెట్టేసి, కుర్చీని పైకి తెచ్చి తుడిచాడు. వదిన దాని నాలుగు కాళ్ళకీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. పంతులుగారు హాయిగా కూర్చున్నారు.

నేను ప్రసాదం తెచ్చి పెట్టి, హడావిడిగా మావారి పక్కన పీట మీద కూర్చున్నాను. కొంగుముడి వేశారు. సంకల్పం అయ్యాక తలెత్తితే, పంతులుగారి పంచె అంచు కింద ఆకుపచ్చ కాళ్ళు కనిపించాయి. గోడ గడియారం నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"పంతులుగారూ, ఆ కుర్చీ..."

"కథ పూర్తయ్యేదాకా లేవకూడదమ్మా," అన్నారు ఆయన, పుస్తకంలోంచి తలెత్తకుండానే.

మావారు కుర్చీ కాళ్ళ వంక, నా వంక చూశారు. ఆయనకీ అర్థమయింది. కానీ ఇద్దరం ఒక ముడిలో ఉన్నాం. కిటికీ మా వెనక ఉంది. వీధిలో మంచు మీద చక్రాలు నలుగుతూ వస్తున్న చప్పుడు వినబడింది. ఆగింది. ఇంజన్ ఆగలేదు. పంతులుగారు ఒక పేజీ చదివినంతసేపు ఆ కారు అక్కడే ఉంది, తర్వాత వెళ్ళిపోయింది. నాలుగు నెలలుగా కిటికీకి అతుక్కుపోయినదాన్ని, ఆ ఒక్క నిమిషం లేచి తల బయట పెట్టలేకపోయాను.

హారతి కాగానే కుర్చీ ఎత్తుకుని మెట్లు దిగాను. ఓనరమ్మ వీధి తలుపు తీసుకుని నిలబడి ఉంది. సిల్కు చొక్కా వేసుకుంది, పెదవులకి రంగు వేసుకుంది. వ్యాన్ వంక చూస్తోంది. ఆవిడ వెనక వంటింట్లో బల్ల మీద రెండు పళ్ళేలు కనిపించాయి. నా వెనకే దిగిన అన్నయ్యగారు ఇంగ్లీషులో, "సారీ ఆంటీ, ఎవరో పడేశారనుకున్నాం," అన్నాడు.

"పర్వాలేదు. మీకు చుట్టాలొచ్చారు, వెళ్ళండి," అని ఆవిడ కుర్చీ తీసుకుని తలుపు వేసుకుంది.

సాయంత్రం ప్రసాదం పంపాను. మర్నాడు గిన్నె నా మెట్ల మీద ఉంది, కడిగి, ఖాళీగా. ఆ ఖాళీ గిన్నె చూస్తే నాకు ఏడుపొచ్చింది.

తర్వాతి గురువారం మూడున్నరకి కుర్చీ రోడ్డు మీదికి వచ్చింది. నాలుగయింది, ఐదయింది, చీకటి పడింది. ఏడింటికి ఆవిడ వచ్చి, సీటు మీద పడ్డ మంచు దులిపి కుర్చీ లోపలికి తీసుకెళ్ళింది. ఆ పై గురువారం కూడా అంతే. మూడో గురువారం ఆవిడ కుర్చీ పెట్టనే లేదు. నేను ఇక ఆగలేక కిందికి వెళ్ళాను. ఈసారి చేతిలో గిన్నె లేదు.

"తప్పంతా మాదే. ఆయనకి ఫోన్ చేసి చెప్పండి," అన్నాను.

ఏ ఆయన అంటుందనుకున్నాను. అనలేదు. బల్ల మీద గుడ్డ మడతలు సరిచేసింది. "తొమ్మిదేళ్ళ కిందట ఒక మాట అనుకున్నాం," అంది. "నాకు ఇక చాలనిపించిన రోజు నేను కుర్చీ పెట్టను. ఎందుకని ఆయన అడక్కూడదు. ఆయనకి చాలనిపించిన రోజు ఆయన రాడు. నేను అడగను. కుర్చీ లేకపోవడం ఆయన చూశాడు. మాట మీద నిలబడే మనిషి. మళ్ళీ ఈ వీధిలోకి రాడు."

"అది పొరపాటు కదా! ఒక్క ఫోన్..."

"ఫోన్ చేస్తే అడిగినట్టే. ఈ వయసులో నాకు ఉన్నది ఆ గురువారం, ఆ మాట. గురువారం పోయింది. మాట కూడా పోగొట్టుకోమంటావా?"

ఇంత మర్యాద ఉన్న ఇద్దరు మనుషులు, మా పంతులుగారి మోకాళ్ళ కారణంగా, ఒకరికొకరు జన్మలో కనబడకుండా పోతారన్నమాట. నాకు భయం వేసింది. కోపం కూడా వచ్చింది, ఆవిడ మీద, ఆయన మీద, అడగకుండా బతకడం గొప్పనుకునే వాళ్ళందరి మీద. అడగడం ఒక్కటే వచ్చినదాన్ని నేను. అదే చేద్దామనుకున్నాను.

మర్నాడు రొట్టెల కొట్టుకి వెళ్ళాను. ఎవరూ లేని సమయం చూసి, "ఆ టోపీ ఆయన ఎక్కడుంటాడో చెప్పండి. పొరపాటు జరిగింది," అని మొత్తం చెప్పాను.

"నేనెవర్నీ చూడలేదు," అంది కొట్టావిడ. తర్వాత ఒక సంచీలో మెత్తటి రొట్టెలు సర్దుతూ, నాతో కానట్టుగా మొదలుపెట్టింది. "కాలవ అవతల చర్చి సిస్టర్లు నడిపే నర్సింగ్ హోమ్ ఉంది. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్ళు ఉంటారు. రోజూ పదకొండున్నరకి నేనే రొట్టె పంపిస్తాను. పళ్ళు లేనివాళ్ళు కూడా తినొచ్చు. కొందరు భర్తలు రోజూ వచ్చి చేత్తో తినిపిస్తారు." సంచీ మూతి మడిచి బల్ల మీద నా వైపుకి జరిపింది. "రేపు తీసుకెళ్ళే మనిషి సెలవు. నువ్వు ఇచ్చి రాగలవా?"

మర్నాడు రొట్టెల సంచీతో వెళ్ళాను. భోజనాల గదిలో కిటికీ పక్కన ఆయన కూర్చుని ఉన్నాడు. టోపీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురుగా చక్రాల కుర్చీలో భార్య. ఆవిడ ఆయన్ని తమ్ముడనుకుంటోందని అక్కడి నర్సు చెప్పింది, నేను అడక్కుండానే. ఆయన రొట్టె తుంచి, సూపులో ముంచి, ఆవిడ నోటికి అందించి, గడ్డం తుడిచి, మళ్ళీ తుంచుతున్నాడు. ఆవిడ ఏదో అడిగితే తమ్ముడి లాగే జవాబు చెబుతున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడిపోయాను. ఎవరి పక్షాన వచ్చానో, ఎవరికి అన్యాయం చేస్తున్నానో ఆ క్షణంలో నాకు తెలియలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామా అనిపించింది. వంటింట్లో ఆ రెండు పళ్ళేలు గుర్తొచ్చి ఆగాను.

ఆవిడ తినడం అయి, నర్సు గదిలోకి తీసుకెళ్ళాక దగ్గరికి వెళ్ళాను. "మేడ మీద అద్దెకున్నది నేనే," అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. వ్రతం, పంతులుగారి మోకాళ్ళ నొప్పులు, పీట, తోలు సోఫా, రోడ్డు పక్క సామాను తెచ్చుకునే మా వాళ్ళ అలవాటు, పసుపు, కొంగుముడి. "ఆవిడ కుర్చీ పెట్టింది. మేమే తీశాం. తర్వాత రెండు వారాలు కూడా పెట్టింది," అన్నాను.

ఆయన టోపీ అంచు చుట్టూ వేలు తిప్పుతూ అంతా విన్నాడు. "నాకు ఏ కుర్చీ సంగతీ తెలియదమ్మా," అన్నాడు మర్యాదగా. లేచి కోటు వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి, "ఆ పంతులుగారి మోకాళ్ళు ఇప్పుడెలా ఉన్నాయి?" అని అడిగాడు.

"కాస్త నయం," అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. అది వస్తానని చెప్పడమో, పొమ్మని చెప్పడమో దారి పొడుగునా ఆలోచించినా తేల్చుకోలేకపోయాను.

ఓనరమ్మతో చెప్పకుండా దాచడం నా వల్ల కాలేదు. కుర్చీ బయటికి రాకపోతే ఆయన వచ్చి మాత్రం ఏం లాభం? "నేను వెళ్ళి ఆయనతో చెప్పాను," అన్నాను. ఆవిడ మొహం తెల్లబడింది.

"చెప్పావా? మాటల్లో? పైకి?"

"మాటల్లోనే."

"అక్కడ? ఆవిడ ఉండగా?"

"ఆవిడ వెళ్ళాక."

నిలబడిన మనిషి కుర్చీలో కూలబడి, "వెళ్ళు," అంది. "పైకి వెళ్ళు. నువ్వు మంచిదానివే, కానీ వెళ్ళు." తర్వాత నాలుగు రోజులూ ఆవిడ నాకు కనబడలేదు. అంతా నేనే చెడగొట్టానని మావారి దగ్గర ఏడ్చాను. ఆయన మొదటిసారి నన్ను ఆటపట్టించలేదు.

గురువారం వచ్చింది. మంచు పూర్తిగా కరిగింది. వీధికి రెండు వైపులా కావలసినంత జాగా ఉంది. మూడున్నరకి కింద తలుపు చప్పుడైంది. ఓనరమ్మ కుర్చీతో బయటికొచ్చింది. ఎప్పటి చోటే, నడిమధ్యన పెట్టింది. వదిన రాసిన పసుపు దాని కాళ్ళకి ఇంకా ఉంది. ఆవిడ తలెత్తి నా కిటికీ వైపు ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

నాలుగయింది. కారు రాలేదు. నాలుగూ ఐదు నిమిషాలయింది. అప్పుడు చూశాను, రొట్టెల కొట్టావిడ గాజు తలుపుకి దాదాపు ముక్కు ఆనించి వీధి చివరికి చూస్తోంది. బార్బరు చీపురుతో సైడ్‌వాక్ మీద నిలబడి, ఊడవకుండా అటే చూస్తున్నాడు. కుక్కావిడ సందు మొదట్లో ఆగిపోయింది, కుక్క లాగుతున్నా కదలడం లేదు. ఇన్ని వారాలుగా నేనొక్కదాన్నే ఎదురుచూస్తున్నాననుకున్నాను.

బూడిదరంగు కారు మలుపు తిరిగింది. కొట్టావిడ గబుక్కున అటు తిరిగి అరలు సర్దడం మొదలుపెట్టింది. బార్బరు లోపలికి వెళ్ళిపోయాడు. కుక్కావిడ సందులోకి మళ్ళింది. వీధి మొత్తానికి చూస్తున్నది నేనొక్కదాన్నే మిగిలాను. కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఆ కుర్చీ ఎత్తేటప్పుడు పసుపు కాళ్ళు చూసి ఆయన మొహం ఎలా ఉంటుందో చూడాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. నా తిరుగుడు కుర్చీ వెనక్కి తిప్పుకుని, గోడకేసి కూర్చున్నాను.

ఆ రోజు మావారికి వర్క్ ఫ్రమ్ హోమ్. కాసేపటికి లోపలి గదిలోంచి కేకేశారు. "ఏమాయె? ముసలాయన వచ్చిండా?"

కింద వంటింట్లో పేకముక్క ఒకటి బల్ల మీద ఠప్పున పడింది. ఆ వెంటనే ఓనరమ్మ నవ్వింది.

"ఎవరు?" అన్నాను. "నేనెవర్నీ చూడలేదు."